సింగిల్ ఎడ్జ్ రేజర్ కొనే ముందు బ్లేడు ఎంచుకోండి

సింగిల్ ఎడ్జ్ రేజర్ కొందామనుకునేవాళ్ళు దాదాపు అందరూ రేజర్ దగ్గరే మొదలుపెడతారు. పిడి బరువెంత, స్టీలా అల్యూమినియమా, ఫొటోలో ఎలా మెరుస్తోంది అని చూస్తారు. మేమైతే వెనక నుంచి రమ్మంటాం. ముందు బ్లేడు, తర్వాతే రేజర్. సింగిల్ ఎడ్జ్ అన్నది ఒకే రకం కాదు. బజార్లో ప్రధానంగా నాలుగు రకాల బ్లేడ్లున్నాయి, ఒకదాని బ్లేడు ఇంకోదానిలో పట్టదు. బెంగళూరులోనో చెన్నైలోనో ఆదివారం పొద్దున్నే బ్లేడు అయిపోతే వీధి చివరి కొట్లో ఏం దొరుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చూసుకోకుండా కొన్న రేజర్లు ఆరు నెలల్లో అల్మారా ఎక్కేస్తాయి.

ఒకే అంచున్న సేఫ్టీ రేజర్ కొత్త ఫ్యాషనేమీ కాదు. న్యూయార్క్‌లో కాంప్ఫే సోదరులు 1880లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. రెండంచుల పల్చటి బ్లేడుతో కింగ్ క్యాంప్ జిలెట్ పేటెంటు పొందింది 1904లో. మనకైతే సింగిల్ ఎడ్జ్ పరిచయం సెలూన్లోనే జరిగింది. కత్తిలో దూర్చేది సగానికి విరిచిన మామూలు బ్లేడే. తిరుమల కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు చేతిలో పెట్టే బ్లేడు ముక్క కూడా అదే. మన ఊళ్ళలో సింగిల్ ఎడ్జ్ గురించి మాట్లాడాలంటే ఆ సగం ముక్క దగ్గరే మొదలుపెట్టాలి.

సగం బ్లేడు రేజర్లు

మామూలు డబుల్ ఎడ్జ్ బ్లేడు 43 మిల్లీమీటర్ల పొడవు, 22 మి.మీ. వెడల్పు, 0.1 మి.మీ. మందం ఉంటుంది. నిలువునా విరిస్తే 11 మి.మీ. వెడల్పున్న ముక్కలు రెండొస్తాయి. లీఫ్ కంపెనీ ట్విగ్, థార్న్ ఈ బ్లేడుతోనే పనిచేస్తాయి. ట్విగ్ మృదువుగా గీస్తుంది, థార్న్ కాస్త గట్టిగా. పేరులేని చవక రేజర్లు కూడా ఆన్‌లైన్లో ఉన్నాయి. అన్నిటికీ బ్లేడు ఒకటే: కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన వేలాడే సెవెన్ ఓ క్లాక్ గానీ, విల్కిన్సన్ స్వోర్డ్ గానీ, టోపాజ్ గానీ.

విరవడంలోనే చాలామంది వేళ్ళు కోసుకుంటారు. బ్లేడును లోపలి కాగితంలోంచి తీయకూడదు. కాగితంతో సహా పట్టుకుని, పదునైన రెండంచులూ ఒకదాని వైపు ఒకటి వచ్చేలా పొడవు వెంట మధ్యకు మడవాలి. ముఖానికి దూరంగా, వాష్ బేసిన్ మీద చెయ్యి పెట్టి చేయాలి. సగం మడత దాటేసరికి టక్కుమని విరుగుతుంది. బ్లేడు మధ్యలో పొడుగు చీలిక ఉంటుంది కాబట్టి నిజానికి విరిగేది రెండు కొసల్లోని చిన్న పట్టీలే. కాగితం విప్పాక ఆ కొసలను వెలుతురులో ఒకసారి చూడండి. విరిగిన చోట ముల్లులాంటిది వంగి మిగిలితే ఆ ముక్క రేజర్లో దాన్ని పట్టి ఉంచే పలకల మధ్య సమంగా కూర్చోదు. ఒక కొస పైకి లేస్తుంది, ఆ కొసే గడ్డం మూలలో కాటు వేస్తుంది. అలాంటి ముక్కను పక్కన పడేయడమే మంచిది. రెండో ముక్కను తడి తగలకుండా అదే కాగితంలో చుట్టి దాచుకోవచ్చు.

విరవడం ఇష్టం లేకపోతే ముందే సగం చేసిన బ్లేడ్లు వంద చొప్పున పెట్టెల్లో వస్తాయి. డెర్బీ ప్రొఫెషనల్, డోర్కో ప్రైమ్ ప్లాటినం రెండూ అలా అమ్ముతారు. ఇవి సెలూన్ల కోసం చేసినవి కాబట్టి ఆన్‌లైన్లో లేకపోతే సెలూన్ సామాన్లు అమ్మే దుకాణాల్లో అడగండి. బెంగళూరులో చిక్‌పేట వైపు, చెన్నైలో ప్యారిస్ కార్నర్ వైపు వెతకడం మొదలుపెట్టొచ్చు.

ఖర్చు విషయంలో ఒక అపోహ ఉంది. సగం చేసి వాడితే బ్లేడు రెట్టింపు రోజులొస్తుందని చాలామంది లెక్క వేస్తారు. రాదు. డబుల్ ఎడ్జ్ రేజర్లో కూడా రెండంచులూ వాడుతూనే ఉంటారు కదా. పూర్తి బ్లేడు ఆరు షేవింగులొస్తే సగం ముక్క మూడొస్తుంది, అంతే. ఐదు బ్లేడ్ల ప్యాకెట్‌తో రెండు రకాల రేజర్లలోనూ దాదాపు ముప్పై షేవింగులే. సగం బ్లేడు రేజర్ ఇచ్చే లాభం డబ్బు కాదు. రేజర్ తల సన్నగా ఉండడం వల్ల ముక్కు కింద, చెవి ముందు, గడ్డం కింది గుంటలో సులువుగా దూరుతుంది. రెండో వైపు అంచు లేదు కాబట్టి పట్టుకునేటప్పుడు చెవి తమ్మెకు తగిలే భయం ఉండదు. ఇప్పటికే డబుల్ ఎడ్జ్ రేజర్ వాడుతూ ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు సగం బ్లేడు రేజర్ కొత్తగా ఇచ్చేది కొంచెమే. కార్ట్రిడ్జి (బ్లేడ్లున్న తల మొత్తాన్నీ మార్చే రేజర్) నుంచి మొదటిసారి వచ్చేవాళ్ళకు మాత్రం చాలా అనువైనది.

లోపం కూడా మందంలోనే ఉంది. 0.1 మి.మీ. బ్లేడు సన్నటి రేకు. పలకలు దాన్ని అంచుకు దగ్గరగా బిగించి పట్టకపోతే గట్టి వెంట్రుక తగిలినప్పుడు వణుకుతుంది. ఆ వణుకు కంటికి కనిపించదు. గీసిన చోట వరసగా చిన్న ఎర్ర చుక్కలు వస్తే అదే కారణం అనుకోండి. చవక రకాల్లో ఇది ఎక్కువ. పై పలక బ్లేడును ఎంత దూరం వరకు కప్పుతోందో ఫొటోలో చూడండి. బ్లేడు బాగా బయటికి వేలాడుతుంటే వద్దు.

దళసరి బ్లేడు: ఆర్టిస్ట్ క్లబ్

జపాన్‌లో కత్తులకు పేరుమోసిన సెకి పట్టణం నుంచి వచ్చిన ఫెదర్, కై కంపెనీలు సెలూన్ కత్తుల కోసం చేసే బ్లేడ్లివి. మందం 0.254 మి.మీ. అంటే మన మామూలు బ్లేడుకు రెండున్నర రెట్లు. రేజొరాక్ హాక్, బ్లాక్‌ల్యాండ్ వెక్టర్ లాంటి రేజర్లు ఈ బ్లేడు పెట్టుకునేలా తయారైనవి.

మందం వల్ల ఏం మారుతుందో మొదటి గీతలోనే తెలుస్తుంది. బ్లేడు వంగదు. దట్టమైన, ముతక గడ్డం మీద కూడా ఒకే తీరుగా పోతుంది. రెండు మూడు రోజులు పెరిగిన గడ్డాన్ని ఒక్కసారి గీసి లేచిపోవాలనుకునేవాళ్ళకు దీన్ని మించినది లేదు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. పల్చటి బ్లేడు మన తప్పుకు కొంత వంగి ఊరుకుంటుంది, ఇది ఊరుకోదు. నొక్కితే నొక్కినంత చర్మం తీస్తుంది. తల వెడల్పు కూడా ఎక్కువ, అందుకే ముక్కు కింద మొదట్లో చేయి తడబడుతుంది.

ఫెదర్‌లోనే రకాలున్నాయి. ప్రొఫెషనల్ అన్నది మామూలు రకం. ప్రో సూపర్ అంచు ఎక్కువ బయటికొస్తుంది కాబట్టి మొదటిసారి కొనేటప్పుడు దాని జోలికి వెళ్ళొద్దు. ప్రోగార్డ్ అంచు మీద సన్నటి తీగ చుట్టి ఉంటుంది. మొటిమలున్నవాళ్ళు, చేయి ఇంకా కుదరనివాళ్ళు దాంతో మొదలుపెట్టొచ్చు. కొన్ని రేజర్ల పలకల మధ్య తీగ సరిగా ఇమడదు. రేజర్ తయారీదారు ఏయే రకాలు పడతాయని రాశారో చూసి కొనండి.

కిరాణా కొట్లో ఇది దొరకదు, అది నిజమే. అయినా లెక్క వేసి చూడండి. ఒక డబ్బాలో 20 బ్లేడ్లుంటాయి. ఒక్కో బ్లేడు పది షేవింగులొస్తుందనుకుంటే 200 షేవింగులు. రోజు మార్చి రోజు గీసుకునేవాళ్ళకు ఏడాది దాటుతుంది. కొట్లో దొరకదన్న బాధ ఏడాదికి ఒక్కసారి ఆర్డరు పెట్టడంతో తీరిపోతుంది. డబ్బాలో ఐదు మిగిలాయనగానే తెప్పించుకోవాలి, అయిపోయాక కాదు. విదేశీ దుకాణం నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి చూసుకోండి. తిప్పి పంపడం దాదాపు కుదరని పని.

జెమ్, ఇంజెక్టర్, వన్‌బ్లేడ్

జెమ్ బ్లేడు వీపున మడిచిన లోహపు పట్టీ ఉంటుంది. మందం 0.23 మి.మీ. పాత అమెరికన్ జెమ్, ఎవర్‌రెడీ రేజర్లు సేకరించేవాళ్ళు దీన్ని ప్రాణంగా చూసుకుంటారు. అవి నిజంగా బాగా గీస్తాయి. కానీ ఇక్కడ బ్లేడు దొరకడం కష్టం. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. హార్డ్‌వేర్ దుకాణాల్లో పెయింటు, అద్దం మీది స్టిక్కర్లు గీకడానికి అమ్మే వీపున్న బ్లేడు అచ్చం ఇలాగే ఉంటుంది, రేజర్లో పడుతుంది కూడా. దాని అంచు ముఖానికి చేసింది కాదు, పూత ఉండదు. ముఖం మీద పెట్టకండి.

ఇంజెక్టర్ అమెరికా సైన్యంలో పనిచేసిన జేకబ్ షిక్‌కు 1920ల్లో వచ్చిన ఆలోచన. బ్లేడును చేత్తో ముట్టుకోకుండా డబ్బాలోంచి నేరుగా రేజర్లోకి తోస్తారు, పాతది రెండో వైపు నుంచి బయటికొస్తుంది. తల అన్నిటికంటే చిన్నది. వేళ్ళు వణికే పెద్దవాళ్ళకు ఇంత భద్రమైన బ్లేడు మార్పిడి ఇంకెందులోనూ లేదు. ఇదొక్కటే మనకు ముఖ్యమైతే బ్లేడ్లు బయటి నుంచి తెప్పించుకునే శ్రమ పడొచ్చు.

వన్‌బ్లేడ్ అన్న కంపెనీ చేసే రేజర్ తల కార్ట్రిడ్జిలా కదులుతుంది. దాని బ్లేడు ఫెదర్ చేసే ప్రత్యేక రకం, ఇక్కడ చెప్పిన మిగతా రేజర్లలో పనికిరాదు. ఒకే సరఫరాదారు మీద ఆధారపడడం కుదరదనుకుంటే వదిలేయండి.

అంకెల్లో ఏది చూడాలి

ప్రకటనల్లో అందరూ గ్యాప్ చెబుతారు. బ్లేడుకూ కింది గార్డుకూ మధ్య ఖాళీ అది. నురుగు, వెంట్రుకలు పోవడానికి దారి. కానీ గీత ఎంత ఘాటుగా ఉంటుందో ఎక్కువగా చెప్పేది ఎక్స్‌పోజర్. పై పలక కొసనూ, గార్డు కొసనూ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. బ్లేడు అంచు ఆ గీత దాటి బయటికొస్తే పాజిటివ్, లోపలే ఉంటే నెగెటివ్, సరిగ్గా గీత మీదుంటే న్యూట్రల్. మొదటి రేజర్‌కు న్యూట్రల్ గానీ, కొంచెం నెగెటివ్ గానీ తీసుకోండి. గ్యాప్ ఎక్కువున్నా ఎక్స్‌పోజర్ నెగెటివ్ అయితే రేజర్ సాధువే. గ్యాప్ తక్కువున్నా పాజిటివ్ అయితే మెడ మీద మండిస్తుంది.

గార్డు సాదా పట్టీనా, దువ్వెన పళ్ళా అన్నది రోజూ గీసుకునేవాళ్ళకు పెద్ద తేడా కాదు. వారానికి రెండుసార్లే గీసుకునేవాళ్ళకు పళ్ళున్నది మేలు, పొడుగు వెంట్రుకలు ఇరుక్కోవు.

బెంగళూరు, చెన్నై నీళ్ళు, రేజర్ లోహం

రేజర్ బాగాలేదని మాకు చెప్పేవాళ్ళను ముందు అడిగేది నీళ్ళ గురించి. బెంగళూరులో కావేరి నీళ్ళు వచ్చే ఇంటికీ, బోరు, ట్యాంకరు మీద నడిచే అపార్ట్‌మెంటుకూ షేవింగులో చాలా తేడా. కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలై 110 గ్రామాల పరిధిని కలుపుకున్నా, చాలా అపార్ట్‌మెంట్లలో సంపులో రెండు నీళ్ళూ కలుస్తూనే ఉంటాయి. చెన్నైలో మీంజూరు (2010), నెమ్మేలి (2013) ప్లాంట్ల నుంచి ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళు కొన్ని ప్రాంతాలకు అందుతున్నాయి. సముద్రం పక్కనున్న వీధుల్లో బోరు నీళ్ళు మాత్రం ఉప్పగానే ఉంటాయి.

గట్టి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెల్లటి తెట్టులా మారతాయి. అంటే మీరు పిండిన క్రీములో కొంత నురుగు కాకుండానే పోతుంది. పరీక్ష సులువు. గిన్నెలో బాదం గింజంత క్రీము వేసి, కుళాయి నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ బ్రష్‌తో ఒక నిమిషం తిప్పండి. రెండు నిమిషాలు వదిలేసి చూడండి. పెరుగులా నిగనిగలాడుతూ నిలబడితే నీళ్ళు మంచివి. బుడగలు పగిలి, అడుగున పలచటి తెల్లనీళ్ళు చేరితే గట్టివి. అప్పుడు నురుగు వరకు తాగే నీళ్ళు వాడండి. ఆర్వో నీళ్ళయినా, క్యాన్ నీళ్ళయినా 30 మిల్లీలీటర్లు సరిపోతాయి. బ్రష్ నానబెట్టడానికి కూడా అవే. రేజర్ కడగడానికి కుళాయి నీళ్ళు చాలు. ఇంత చిన్న మార్పుతో మంట తగ్గి, కొత్త రేజర్ కొనే అవసరమే లేకుండా పోయినవాళ్ళున్నారు.

లోహం సంగతికొస్తే, చవక రేజర్లు, కొన్ని ఖరీదైనవి కూడా జామాక్ అనే జింకు మిశ్రమంతో పోతపోసి పైన క్రోమియం పూత వేసినవే. పూత ఉన్నన్నాళ్ళు బాగుంటుంది. మరలో గానీ, పలక మూలలో గానీ పూత లేచిందంటే ఉప్పు నీళ్ళకు లోపలి జింకు తెల్లగా పొడవుతుంది, దానికి మరమ్మతు లేదు. చెన్నైలో తీరం పక్కన ఉండేవాళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలుకు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. 316ఎల్ అని రాసి ఉంటే ఇంకా మంచిది. అందులోని 2-3 శాతం మాలిబ్డినం, ఉప్పు వల్ల వచ్చే తుప్పును అడ్డుకుంటుంది. అల్యూమినియం తేలిక, తుప్పు బాధ తక్కువ. మర మాత్రం మెత్తన, బలంకొద్దీ బిగిస్తే అరిగిపోతుంది. రెండు వేళ్ళతో ఆగేవరకు తిప్పితే చాలు.

స్టీలు రేజర్ మీద తెల్లటి పొర కడితే గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. జామాక్‌కు, అల్యూమినియానికి ఇది చేయకూడదు, పులుపు పూతను తింటుంది. వాటికి గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క చాలు. ఏ లోహమైనా తేమ ఎక్కువున్న బాత్‌రూములో కప్పులో నిలబెట్టకుండా తుడిచి బయట పెట్టండి. బ్లేడు అంచును మాత్రం తుడవకండి, విదిలిస్తే చాలు.

కొత్త రేజర్‌తో మొదటి వారం

కొత్త రేజర్ వచ్చిన రోజే కొత్త సబ్బు, కొత్త బ్లేడు, కొత్త లోషన్ అన్నీ కలిపి మొదలుపెడితే ఏది బాగుందో, ఏది మండించిందో తేలదు. రేజర్ ఒక్కటే మార్చండి, మిగతావి పాతవే ఉండనివ్వండి.

ముందు రోజు రాత్రి పొడి ముఖం మీద వేళ్ళ కొసలతో రుద్ది చూడండి. ఏ వైపు రుద్దితే నునుపో అదే వెంట్రుకలు పెరిగే దిశ. బుగ్గల మీద సాధారణంగా కిందికి ఉంటాయి. మెడ మీద చాలామందికి పక్కకో, కొందరికి పైకో ఉంటాయి. మెడ మంటలో సగం ఈ దిశ తెలియకుండా కిందికి గీయడం వల్లే వస్తుంది.

బ్లేడు పెట్టి బిగించాక రేజర్‌ను కంటి ఎత్తుకు ఎత్తి, వెలుతురు వైపు తిప్పి పై నుంచి చూడండి. పై పలక కింద సన్నటి వెండి గీతలా కనిపించే అంచు రెండు కొసల్లోనూ ఒకే వెడల్పుండాలి. ఒక కొసలో కొంచెం ఎక్కువగా కనిపించినా సరే, అరచుట్టు వదులు చేసి, పై పలకను వేలితో అదిమి పట్టి మళ్ళీ బిగించండి. ఈ పది సెకన్లు ప్రతి బ్లేడు మార్పుకూ పెట్టాలి. డబుల్ ఎడ్జ్‌లో ఒక వైపు వంకరైతే రెండో వైపు చూపిస్తుంది. ఇక్కడ ఉన్నది ఒక్క వైపే.

ముఖం కడిగి తుడవకుండా నురుగు పట్టించి రెండు నిమిషాలు ఆగండి. పిడిని చివర దగ్గర మూడు వేళ్ళతో తేలిగ్గా పట్టుకోండి. పై పలకను బుగ్గకు పూర్తిగా ఆనించండి. ఆ స్థితిలో బ్లేడు ఏమీ తెంపదు. అక్కడి నుంచి పిడిని మెల్లగా ముఖం వైపు దించుతూ పొట్టి గీతలు గీయండి. ఒక చోట వెంట్రుకలు తెగుతున్న చిటపట చెవికి వినిపిస్తుంది. ఆ కోణమే మీ రేజర్‌ది, సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. ఇంకా దించితే చిటపట పోయి గోరుతో గోడ గీకినట్టు బరబరమంటుంది. అది చర్మం గీకుతున్న చప్పుడు, వెంటనే పిడి పైకెత్తండి. బాత్‌రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి గీసుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. పాత జెమ్ రేజర్లకు పలక దాదాపు ఆనించే ఉంచాలి.

గీత రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. మూడు నాలుగు గీతలకోసారి కడగాలి. డబుల్ ఎడ్జ్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. చెయ్యి దానంతటదే రేజర్‌ను తిరగేస్తుంది, రెండో వైపు అంచు లేదు. నిండిపోయిన గ్యాప్‌తోనే గీస్తే బ్లేడు నురుగు మీద జారుతుంది, తెగట్లేదని మనం నొక్కుతాం, కాటు పడుతుంది. పక్కన మగ్గుతో నీళ్ళు పెట్టుకుని ముంచి ఆడిస్తే కుళాయి కంటే త్వరగా శుభ్రమవుతుంది, నీళ్ళూ మిగులుతాయి.

బుగ్గలతో మొదలుపెట్టి, మెడ, చివరగా పై పెదవి, గడ్డం. ఆ చివరి రెండింట్లో వెంట్రుకలు ముతక, నురుగులో ఎక్కువసేపు నానాలి. మొదటి మూడు షేవింగులూ పెరిగే దిశలోనే, ఒక్క విడతే. కొంచెం గరుకు మిగిలితే మిగలనివ్వండి. నాలుగో సారి నుంచి మళ్ళీ నురుగు పట్టించి అడ్డంగా రెండో విడత. ఎదురు గీత రెండో వారంలో బుగ్గల మీద మాత్రమే. వెంట్రుకలు ఉంగరాలు తిరిగే వాళ్ళు మెడ మీద ఎదురు గీత జన్మలో వద్దు. చర్మం కిందికి తెగిన వెంట్రుక లోపలికే మలుపు తిరిగి కురుపు లేస్తుంది.

చల్లటి నీళ్ళతో కడిగి, తడి ముఖం మీద పటిక ఒకసారి రాయండి. ఒక నిమిషం ఆగి కడిగేయండి. చురుక్కుమన్న చోటు గుర్తుపెట్టుకోండి, మీరు నొక్కింది అక్కడే. మర్నాడు ఆ ఒక్క చోట చెయ్యి తేలిక చేస్తే చాలు. మూడు షేవింగుల తర్వాత కూడా లాగినట్టుంటే రేజర్ మార్చే ముందు బ్లేడు బ్రాండు మార్చి చూడండి. ఒకరికి వెన్నలా పోయే బ్లేడు ఇంకొకరికి పీకుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఐదు బ్లేడ్ల ప్యాకెట్లు రెండు మూడు రకాలు తెచ్చుకోవడం కొత్త రేజర్ కంటే ఎంతో చవక.

ఎవరికి ఏది

బెంగళూరు మారతహళ్ళి పీజీలోనో, చెన్నై ఓఎంఆర్ రోడ్డు పక్క షేరింగ్ ఫ్లాట్లోనో ఉంటూ కార్ట్రిడ్జిల ఖర్చు తగ్గించుకోవాలనుకునే కుర్రవాళ్ళకు సగం బ్లేడు రేజర్ సరైనది. బ్లేడు కిందికి దిగితే దొరుకుతుంది, సన్నటి తల నేర్చుకోవడానికి సులువు. గడ్డం దట్టంగా, ముతకగా ఉండి, రెండు మూడు రోజులకోసారి గీసుకునేవాళ్ళు, ఇప్పటికే డబుల్ ఎడ్జ్‌తో చెయ్యి కుదిరినవాళ్ళు ఆర్టిస్ట్ క్లబ్ వైపు వెళ్ళండి. గుండు నున్నగా ఉంచుకునేవాళ్ళకు కూడా అదే. వెడల్పాటి రేజర్ తల అక్కడ వరం, పని త్వరగా తెమిలిపోతుంది. చర్మం సున్నితమై రోజూ గీసుకోక తప్పని ఉద్యోగమైతే నెగెటివ్ ఎక్స్‌పోజరున్న సగం బ్లేడు రేజర్, ఒక్క విడత, అంతే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, కెలాయిడ్ మచ్చలు (గాయం మానాక ఉబ్బి పెరిగేవి) వచ్చేవాళ్ళు డాక్టరును అడిగాకే ఏ బ్లేడైనా.

డబుల్ ఎడ్జ్ రేజర్‌తో సుఖంగా ఉన్నవాళ్ళకు మా మాట: ముతక గడ్డం సమస్య లేకపోతే కొనకండి. ఆ డబ్బుతో మంచి బ్రష్ కొనుక్కోండి, తేడా అందులోనే ఎక్కువ తెలుస్తుంది.

విమానంలో ఊరికెళ్ళేటప్పుడు ఈ బ్లేడ్లు ఏవీ చేతి సంచిలో పెట్టుకోవద్దు. సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. రేజర్లో కూడా బ్లేడు తీసేసి, బ్లేడ్లన్నీ చెకిన్ సామానులో వేయండి. చేతి సంచి ఒక్కటే ఉంటే దిగాక కొనుక్కోవాలి. సగం బ్లేడు రేజర్‌కైతే ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

వాడేసిన ముక్కలను కవర్లో వేసి చెత్తబుట్టలో పడేయకండి. రెండు ఊళ్ళలోనూ ఆ చెత్తను చేత్తో వేరు చేసేవాళ్ళున్నారు. మూతున్న చిన్న రేకు డబ్బా తీసుకుని మూత మీద బ్లేడు దూరేంత చీలిక పెట్టండి. మూతను టేపుతో మూసేసి అందులో వేస్తూ ఉండండి. ఏళ్ళు పడుతుంది నిండడానికి. నిండాక చీలిక మీద కూడా టేపు చుట్టి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్ద అక్షరాలతో కన్నడలోనో తమిళంలోనో కూడా రాయించి, మిగతా చెత్తలో కలపకుండా చెప్పి మరీ విడిగా చేతికివ్వండి.